మూఢంలో అరువు తెచ్చిన కెమెరా

1997లో శుక్ర మూఢం సరిగ్గా ఆ వేసవిలో పడకపోయి ఉంటే నా చేతికి ఆ కెమెరా వచ్చేదే కాదు. మూఢం అంటే మన ఇళ్ళల్లో తెలిసిందే, పెళ్ళిళ్ళు ఉండవు, గృహప్రవేశాలు ఉండవు, మేళాల వాళ్ళు ఇంట్లో కూర్చుంటారు, షామియానాలు మడతల్లో ఉంటాయి. ఆకాశంలో జరిగేది ఏమిటంటే శుక్రుడు సూర్యుడికి మరీ దగ్గరగా వచ్చి ఆ వెలుగులో కొన్ని వారాలపాటు కనబడకుండా పోతాడు, అంతే. ఆ ఏడు ఏప్రిల్ 2న శుక్రుడు సూర్యుడికి అవతలి వైపుకి చేరాడు. దానికి ఒక్కరోజు ముందు, ఏప్రిల్ 1న, హేల్-బాప్ తోకచుక్క సూర్యుడికి అత్యంత దగ్గరగా వచ్చింది. ఈ రెండూ ఒకదాని పక్కన ఒకటి పడ్డాయన్న సంగతి అప్పుడు నాకు తెలియదు. తెలిసిందల్లా కనిగిరిలో మా ఫోటో అన్న స్టూడియో ఖాళీగా ఉందని, ఆయన పెంటాక్స్ కెమెరా బీరువాలో ఊరికే పడి ఉందని.

అప్పటికి నా డిగ్రీ అయిపోవస్తోంది. ఊరు కనిగిరికి తొమ్మిది కిలోమీటర్లు. మార్చి మొదట్లోనే పేపర్లో తోకచుక్క గురించి రాశారు, తెల్లవారుజామున ఈశాన్యంలో కనిపిస్తుందని. నేను రెండు రోజులు అలారం పెట్టుకుని లేచి మిద్దె ఎక్కాను, మొదటి రోజు మంచు మసక, రెండో రోజు అలారం ఆపేసి మళ్ళీ పడుకున్నాను. నెలాఖరుకి అదే సాయంత్రాల్లోకి వచ్చేసింది. ఒకరోజు బస్సు దిగి ఇంటికి నడుస్తుంటే, ఇంకా పడమట ఎర్రదనం పోకముందే, నాలుగు చుక్కలు కూడా సరిగ్గా రాకముందే, వాయవ్య మూలన తాటిచెట్ల పైన అది వేలాడుతోంది. వెతకాల్సిన పనే లేదు. తోక పైకి, కాస్త కుడివైపుకి ఒరిగి. నేను దారి మధ్యలో నిలబడిపోతే వెనకనుంచి ఎడ్లబండి వాడు అరిచాడు.

నాకు తోకచుక్కల మీద అప్పటికే కొంచెం కోపం ఉండేది. 1986లో హేలీ వచ్చినప్పుడు నాకు పదేళ్ళు. డెబ్భై ఆరేళ్ళకి ఒకసారి వస్తుందని బడిలో ఎంత ఊరించారో చెప్పలేను. నాయన తెల్లవారుజామున నిద్ర లేపి పొలం గట్టు దాకా తీసుకెళ్ళి అదిగో అదే అని చూపించాడు, నాకేమో నీళ్ళు కలిపిన పాలచుక్కలా ఒక మసక తప్ప ఏమీ కనపడలేదు. నాయనకి కూడా కనపడలేదనే ఇప్పటికీ నా అనుమానం. మా నాయనమ్మ మాత్రం దాన్ని అంత తేలిగ్గా తీసుకోలేదు. వాళ్ళమ్మ చిన్నప్పుడు చూసిందట, ఊరంతా కనపడేంత పెద్దదట, అది వచ్చాక రాజు పోయాడట. ఈ మాటలన్నీ కల్పనలని చాలాకాలం నవ్వుకున్నాను. తర్వాత చూస్తే 1910 ఏప్రిల్‌లో హేలీ సూర్యుడి దగ్గరికి రావడం, మే 6న ఇంగ్లాండులో ఎడ్వర్డ్ రాజు చనిపోవడం రెండూ నిజమే. మన జిల్లా పల్లెలో ఒక ఆడమనిషికి ఆ రెంటికీ లంకె వేసి చెప్పిందెవరో!

సరే, కెమెరా. ఫోటో అన్న ముందు ఒప్పుకోలేదు. "చుక్కల్ని ఫోటో తీసేదేందిరా, ఫ్లాష్ అంత దూరం పోద్దా?" అన్నాడు. ఫ్లాష్ అక్కర్లేదన్నా, షట్టర్ తెరిచి పెట్టాలంట, పుస్తకంలో చదివాను అని చెప్పాను. అప్పుడు ఆయన మొహం కాస్త మారింది. ఎందుకంటే ఆయన పాతకాలం మనిషి, గుడ్డ కప్పుకుని ప్లేటు కెమెరాతో తీసిన వాళ్ళ దగ్గర పని నేర్చుకున్నాడు, షట్టర్ తెరిచి అంకెలు లెక్కపెట్టడం ఆయనకి కొత్త కాదు. బీరువా తీసి పెంటాక్స్ కె1000 బయట పెట్టాడు. బరువు. పూర్తిగా ఇనుప సామాను. బ్యాటరీ లేకపోయినా షట్టర్ పడుతుంది, బ్యాటరీ లైటు మీటరుకే. సెల్ఫ్ టైమర్ కూడా లేదు. షట్టర్ చక్రం మీద అన్ని అంకెల చివర 'బి' అని ఒక అక్షరం ఉంటుంది, అక్కడ పెడితే బటన్ నొక్కి ఉంచినంతసేపు తెరుచుకునే ఉంటుంది. పాస్‌పోర్ట్ ఫోటోలకి ఇంకో పాత కెమెరా ఉంది కాబట్టి దీనితో ఆయనకి పని లేదు. "మూఢం పోయేలోపు తెచ్చియ్యి. సైకిల్ ఇక్కడ పెట్టి పో" అన్నాడు. తాకట్టన్నమాట. కెమెరా ఒళ్ళో పెట్టుకుని బస్సులో ఇంటికొచ్చాను, తొమ్మిది కిలోమీటర్లూ ఊపిరి బిగబట్టి.

ఫిల్మ్ ఇంకో కథ. మామూలుగా దొరికేది వంద స్పీడు రీలు, స్పీడంటే వెలుగుని పట్టుకునే చురుకు. చుక్కలకి కనీసం నాలుగొందలది కావాలి, అది ఒంగోలు నుంచి తెప్పించాలి. ముప్పై ఆరు ఫోటోలు. దాని మీద పెట్టిన డబ్బు ఇంట్లో చెప్పలేదు, పుస్తకాలకని తీసుకున్నాను. (నాయన ఇది చదవడు కాబట్టి రాస్తున్నా.)

ఇప్పుడు మిద్దె మీదికి రండి. ట్రైపాడ్ లేదు. ఒక గోనెసంచి ముక్కలో ఇసుక నింపి పిట్టగోడ మీద పెట్టి, దానిమీద కెమెరాని పిల్లాణ్ణి పడుకోబెట్టినట్టు కాస్త వెనక్కి వాల్చి పెట్టాను. లెన్స్ చివర పడుకున్న ఎనిమిది లాంటి గుర్తు ఉంటుంది, అనంతం, అక్కడిదాకా తిప్పి సెలోటేపు వేసేశాను కదలకుండా. ఎపర్చర్, అంటే లెన్స్‌లో వెలుగు దూరే కన్నం, పూర్తిగా తెరిచి రెండు అంకె మీద పెట్టాను. బటన్‌కి బిగించే కేబుల్ ఒకటి అన్న ఇచ్చాడు గానీ దాని చివర అరిగిపోయి లాక్ పడట్లేదు, కాబట్టి బొటనవేలితో నొక్కి పట్టుకోవాల్సిందే. షట్టర్ పడేటప్పుడు అద్దం టప్పున లేచి కెమెరా అదురుతుంది. అందుకని ముందు నల్ల అట్ట ఒకటి లెన్స్‌కి అడ్డంగా పట్టుకుని, షట్టర్ తెరిచి, రెండు సెకన్లు ఆగి, అప్పుడు అట్ట మెల్లగా తీయాలి. అయిపోయాక మళ్ళీ అట్ట అడ్డం పెట్టి షట్టర్ వదలాలి. ఒక చేత్తో అట్ట, ఒక చేత్తో కేబుల్, ఇక గడియారం చూసేదెవరు?

మా చెల్లెలు. దానికి పదో తరగతి పరీక్షలు, చదువు తప్పించుకోవడానికి ఏ పని దొరికినా చాలు. నాయన హెచ్ఎంటీ వాచీ పట్టుకుని, టార్చిలైటుకి చాక్లెట్ ఎర్రకాగితం చుట్టుకుని కూర్చునేది. "అన్నా, ఎనిమిది... అన్నా, పదిహేను... ఇరవై! మూసెయ్ మూసెయ్!" మధ్యలో దోమ కుడితే లెక్క తప్పేది, ఆ ఫోటో పక్కన నోట్‌బుక్‌లో 'సుమారు' అని రాసేవాళ్ళం. అన్నీ రాసేవాళ్ళం, ఫోటో నెంబరు, టైము, ఎన్ని సెకన్లు, మబ్బు ఉందా లేదా. సెకన్లు ఎందుకంత పట్టింపు అంటే, భూమి తిరుగుతుంది కదా, యాభై మిల్లీమీటర్ల లెన్స్‌తో పది పదిహేను సెకన్లు దాటితే చుక్కలు చుక్కల్లా ఉండవు, చిన్న గీతలైపోతాయి. తక్కువ పెడితే ఫిల్మ్ మీద ఏమీ పడదు. పైగా ఫిల్మ్‌కి ఒక జబ్బు ఉంది, ఎక్కువసేపు తెరిచి ఉంచే కొద్దీ దాని చురుకుదనం తగ్గిపోతుంది, రెట్టింపు సేపు తెరిస్తే రెట్టింపు వెలుగు పడుతుందని లేదు. అందుకని ఒకే దృశ్యం ఎనిమిది, పదిహేను, ఇరవై, ముప్పై, అరవై సెకన్లతో వరసగా తీశాను. ఏది తగులుతుందో దేవుడికే తెలియాలి. చీకటి పడ్డాక గంటన్నరలోపే అది తాటితోపు వెనక్కి దిగిపోయేది. కరెంటు పోతే పండగ. కరెంటు పోవాలని దండం పెట్టుకున్న కుటుంబం మా ఊళ్ళో మాదొక్కటే.

దాన్ని కనిపెట్టిన ఇద్దరి కథ నాకు ఇప్పటికీ ముద్దుగా ఉంటుంది. 1995 జులై 23 రాత్రి అమెరికాలో న్యూ మెక్సికోలో ఆలన్ హేల్, ఆరిజోనాలో థామస్ బాప్ వేరువేరుగా ఒకే చోట ఒక మసక చుక్క చూశారు. హేల్ తోకచుక్కల కోసం ఏళ్ళ తరబడి వెతికినవాడు, ఆ రాత్రి ఇంకేదో చూస్తుంటే ఇది తగిలింది. బాప్‌కి సొంత టెలిస్కోపే లేదు, స్నేహితుడి దానిలోంచి చూస్తున్నాడు. అరువు సామానుతో చూసినవాడి పేరు తోకచుక్కకి పెట్టారని తెలిశాక నా ఇసుకసంచి మీద నాకు గౌరవం పెరిగింది. పద్దెనిమిది నెలలు మామూలు కంటికి కనిపించింది అది. మళ్ళీ వచ్చేది 4385 ప్రాంతంలోనట.

ఏప్రిల్ 8 ఉగాది. ముందురోజు అమావాస్య. పొద్దున గుడి దగ్గర పంచాంగ శ్రవణంలో ఎవరో లేచి అయ్యగారూ ఈ తోకచుక్క మంచికా చెడ్డకా అని అడిగితే, పంతులుగారు ధూమకేతువు గురించి ఒక శ్లోకం చదివి, ఈశ్వర నామ సంవత్సరంలో వానలు బాగానే ఉన్నాయి మీరేం భయపడకండి అని తేల్చేశారు. ఆ సాయంత్రం మిద్దె మీద మాతోబాటు పదిమంది చేరారు. పడమట వెంట్రుక మందాన నెలవంక, దానికి కుడివైపున వాయవ్యంలో తోకచుక్క. నాయనమ్మని ఇద్దరం పట్టుకుని మెట్లెక్కించాం. చాలాసేపు చూసింది. "చీపురు అట్టా తిరగేసి పెట్టారేంది" అంది. దణ్ణం పెట్టుకుంది, తర్వాత ఆకాశంలో ఇంకో పక్కకి తిరిగి పిల్లలకోడి ఏదిరా అని అడిగింది. కృత్తికల్ని ఆమె ఎప్పుడూ పిల్లలకోడి అనే అనేది. ఆ రోజు పగలు కూడా ఏడెనిమిది ఫోటోలు తీశాను, రీల్ అయిపోవాలి కదా. నాయనమ్మ ఉగాది పచ్చడి గిన్నె పట్టుకుని గుమ్మంలో కూర్చున్నది వాటిలో ఒకటి.

కెమెరా వాపసు ఇచ్చి సైకిల్ విడిపించుకున్నాను. కలర్ రీళ్ళు కడిగే ల్యాబ్ ఒంగోలులో ఉండేది, అన్న తన రీళ్ళతోబాటు నాదీ పంపించాడు. వారం పట్టింది. ఆ వారం ఎంత టెన్షన్ పడ్డానో, డిగ్రీ రిజల్ట్‌కి కూడా అంత పడలేదు. కవరు వచ్చింది. తెరిస్తే పన్నెండు ఫోటోలు. పచ్చడి, చెల్లెలు, గేదె, చెల్లెలు, నాయన సగం తల. మిగతా ఇరవై నాలుగు? కవరు మీద పెన్నుతో రాసి ఉంది, ఖాళీ, ప్రింట్ చేయలేదు అని.

నేను స్టూడియో బల్ల మీద అలా కూర్చుండిపోయాను. అన్న ఏమీ అనకుండా నెగటివ్‌లు తీసి ట్యూబ్‌లైట్ ఎదురుగా పట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు. "ఒరేయ్ ఇట్రా" అన్నాడు. నారింజ రంగు ఫిల్మ్ మీద, వేలిగోరులో సగం కూడా లేదు, నల్లటి చిన్న మరక. దానికి అగ్గిపుల్ల గీసినట్టు ఒక తోక. నెగటివ్ కదా, వెలుగు నల్లగా పడుతుంది. చుట్టూ సూదిమొనలంత నల్లచుక్కలు, ధూళి అనుకుని తుడవబోయాను, పోలేదు. నక్షత్రాలు! పడ్డాయి. చాలావాటిలో పడ్డాయి. ల్యాబ్‌లో మెషిన్ దగ్గర కూర్చున్న కుర్రాడికి అవి ఖాళీ ఫిల్మ్‌లా కనిపించాయి, అందులో వాడి తప్పేమీ లేదు, వాడి జన్మలో ఆ రకం రీలు చూసి ఉండడు.

కానీ వాడు ఇంకో పని చేశాడు. నెగటివ్‌ని నాలుగేసి ఫోటోల ముక్కలుగా కత్తిరించి కవర్లో పెట్టడం రివాజు. రెండు ఫోటోల మధ్య సందు చూసి కత్తిరిస్తారు. నా రీల్ మొదట్లో అంతా రాత్రే, సందు ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? ఉజ్జాయింపుగా కొట్టేశాడు. నోట్‌బుక్ తీసి చూస్తే, పన్నెండో నెంబరు, ఏప్రిల్ 3, ఇరవై సెకన్లు, మబ్బు లేదు, చెల్లెలు లెక్క తప్పలేదు. రీల్ మొత్తంలో అదే బాగా పడింది. కత్తెర సరిగ్గా దాని మధ్యలోంచి పోయింది. తల ఒక ముక్కలో, తోక ఒక ముక్కలో.

తర్వాత తెలిసింది, చుక్కల్ని తీసేవాళ్ళందరికీ ఏదో ఒక రోజు ఈ కత్తెర దెబ్బ తగిలిందని. దానికి మందు కూడా ఉంది, రీల్‌లో మొదటి ఫోటో పగలు తీయాలి, గోడో చెట్టో ఏదైనా సరే, అప్పుడు ల్యాబ్ వాడికి లెక్క దొరుకుతుంది. కవరు మీద ముక్కలు చేయొద్దని పెద్దక్షరాలతో రాయాలి. ఆ తర్వాత నేను తీసిన ప్రతి రీల్‌లోనూ మొదటి ఫోటో మా పెరటి జామచెట్టే. ఇప్పటికీ ఒక డబ్బా నిండా జామచెట్టు ఫోటోలున్నాయి.

ఆ రోజు సాయంత్రం అన్న స్టూడియో షట్టరు సగం దించి నన్ను డార్క్‌రూమ్‌లోకి తీసుకెళ్ళాడు. ఆయన దగ్గర నెగటివ్‌ని కాగితం మీద పెద్దది చేసే బ్లాక్ అండ్ వైట్ ఎన్‌లార్జర్ ఉంది, అప్పటికే దానితో పెద్దగా పని లేదు. రెండు ముక్కల్నీ అంచుకి అంచు చేర్చి వెనకనుంచి సన్నగా టేపు వేశాడు, గాజుపలకల మధ్య పెట్టాడు. ఎర్రబల్బు వెలుగులో ట్రేలోని కాగితాన్ని అటూ ఇటూ ఊపుతుంటే ముందు బూడిదరంగు ఆకాశం వచ్చింది, తర్వాత కింద తాటితలలు నల్లగా, ఆ తర్వాత తెల్లగా తల, విసనకర్రలా పరుచుకున్న వెడల్పు తోక, దాని పక్కన మేము మిద్దె మీద కంటితో అసలు చూడని ఇంకో సన్న తోక. ఒకటి ధూళి తోక, ఇంకోటి వాయువుది, నీలంగా ఉండేది. మా కంటికి అందనిది ఇరవై సెకన్లలో ఫిల్మ్ పోగుచేసుకుంది. తలకీ తోకకీ మధ్య, అతుకు సందులోంచి లైటు పడ్డ చోట, నిలువుగా ఒక నల్లగీత. అన్న ఆ ప్రింటుని బొమ్మ చెరిగిపోకుండా నిలబెట్టే హైపో మందులో వేసి, "పెళ్ళికూతురి మెడ మీద కత్తెర పడినా ఇంత బాధ లేదురా" అన్నాడు. రెండు ప్రింట్లు వేశాడు. ఒకటి నాకు, ఒకటి స్టూడియోలో పెళ్ళి ఫోటోల పక్కన. వచ్చినవాళ్ళు ఆ గీత ఏంటని అడిగితే ఏదో ఒకటి చెప్పేవాడట, ఒకాయనకి మాత్రం కరెంటు తీగ అని చెప్పాడు.

తర్వాత నేను ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చేశాను. మొదటి ఆదివారమే నౌబత్ పహాడ్ మీద బిర్లా ప్లానెటోరియం. కొన్నాళ్ళకి చిన్న టెలిస్కోపు. 2001 నవంబరు 18 రాత్రి లియోనిడ్ ఉల్కల కోసం ఊరి బయటికి వెళ్ళి చలిలో రీల్ మొత్తం తీస్తే, కెమెరా తూర్పుకి పెడితే ఉల్కలు పడమట, పడమటకి తిప్పితే నెత్తి మీద. ముప్పై ఐదు ఖాళీ ఆకాశాలు, ఒక జామచెట్టు. చూడటానికి మాత్రం అంత గొప్ప రాత్రి మళ్ళీ రాలేదు.

2004 జూన్ 8 గురించి చెప్పాలి. శుక్రుడు సూర్యబింబానికి అడ్డంగా నడిచిన రోజు. అంతకుముందు అలా జరిగింది 1882లో. అన్న వాళ్ళబ్బాయి సీటు పనిమీద హైదరాబాద్ వచ్చి మా గదిలో దిగాడు. టెలిస్కోపుతో సూర్యుణ్ణి సూటిగా చూస్తే కళ్ళు పోతాయి, అందుకని ఐపీస్ వెనక తెల్లకాగితం పట్టుకుని దానిమీద బింబం పడేలా చేశాను. మబ్బులు వస్తూ పోతూ ఉన్నాయి. 11 గంటల ప్రాంతంలో ఒక్కసారి తెరపిచ్చింది. పళ్ళెమంత తెల్లటి సూర్యుడు, అంచు దగ్గర ఆవగింజంత నల్లచుక్క. సూర్యుడి వెడల్పులో ముప్పై రెండో వంతు అంతే. అన్నా, ఇదే శుక్రుడు, ఇప్పుడు సూర్యుడికి మనవైపు ఉన్నాడు, ఇదీ మూఢమే, ఆ ఏడు అవతలి వైపు ఉన్నాడు అని చెప్పాను. ఆయన కాగితం మీదికి వంగి, వేలు పెట్టి చూపించి, "ఇంతోడా నా గిరాకీ పాడుచేసేది!" అన్నాడు.

పుదుచ్చేరికి ఇదే చూడటానికి ఫ్రాన్సు నుంచి వచ్చిన ల జెంతీ అనే ఆయన కథ కూడా ఆ మబ్బుల్లో చెప్పాను. 1761లో ఓడ చేరేసరికి పుదుచ్చేరి ఇంగ్లీషు వాళ్ళ చేతికి పోయింది, ఊగే ఓడ మీదనుంచి లెక్కలు కుదరలేదు. ఎనిమిదేళ్ళు ఇటువైపే ఉండిపోయి 1769లో సరైన చోట సరైన సామానుతో కూర్చుంటే మబ్బు కమ్మింది. అన్న కాసేపు ఆలోచించి, ఆయన ఎనిమిదేళ్ళకి ఖర్చు ఎవరిచ్చారు అని అడిగాడు.

నాయనమ్మ 2000లోనే పోయింది. గోడ మీదికి ఫోటో కావాలంటే ఆమెకి సరైన ఫోటో ఒక్కటే ఉంది, ఆ రీల్‌లో ఇరవై తొమ్మిదో నెంబరు, పచ్చడి గిన్నెతో. గిన్నె కనపడకుండా కత్తిరించి పెద్దది చేయించారు. నా దగ్గర గిన్నె ఉన్నదే ఉంది.

స్టూడియో మూసేసి చాలా ఏళ్ళయింది. నేనూ డిజిటల్‌కి మారిపోయాను. నచ్చకపోతే చెరిపేసి మళ్ళీ తీయొచ్చు, వారం ఆగక్కర్లేదు, వెనక్కి పోవాలని నాకేమీ లేదు. 2024 దసరాకి ఊరికి వెళ్ళినప్పుడు చుచిన్‌షాన్-అట్లాస్ తోకచుక్క సాయంత్రాల్లోకి వచ్చింది. పండగ మర్నాడు ఆరున్నరకి బైనాక్యులర్ పట్టుకుని కనిగిరిలో అన్న ఇంటి మిద్దె ఎక్కాం. ఆయనకి డెబ్భై దాటాయి, మెట్లకి రెండుసార్లు ఆగాడు. కింద వీధిలో తెల్ల ఎల్ఈడీ లైట్లు, పైన వెన్నెల, దక్షిణం నుంచి వాన మబ్బులు తోసుకొస్తున్నాయి, మధ్యలో పడమట ఒక పలక ఖాళీగా ఉంది. ఎడమపక్క శుక్రుడు, మూఢం గీఢం ఏమీ లేదు, ధగధగా వెలుగుతున్నాడు. కుడివైపు కిందగా, కంటికి ఉందా లేదా అన్నట్టు, బైనాక్యులర్‌లో మాత్రం చక్కగా, తోకతో సహా. మా అమ్మాయి ఫోన్‌ని పిట్టగోడకి ఆనించి పది సెకన్లు పెట్టి తీసి అప్పటికప్పుడు ఆయనకి చూపించింది. ఫోన్ దూరంగా పట్టుకుని, కళ్ళజోడు పైకి నెట్టుకుని, వేళ్ళతో పెద్దది చేసి, ఈ చివరనుంచి ఆ చివరదాకా వెతికాడు.

"బాగానే ఉందిగానీ," అన్నాడు, "గీతేదే దీనికి?"